పేరంటంలో పంచిన కీరా గింజలు
(ఆకాశవాణి మహిళల కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)



మృగశిర కార్తె ప్రవేశించింది. నాలుగు చినుకులు పడ్డాయి. ఇప్పుడు ఏ మేడ మీద విన్నా ఖాళీ కుండీలు జరుపుతున్న చప్పుడే. ఈ సమయంలో కీరా దోస గురించి, అందులోనూ హైబ్రిడ్ కీరా గురించి, మీతో కాసేపు మాట్లాడదామని వచ్చాను. నేను వ్యవసాయం చదువుకున్నదాన్ని కాను. పదో తరగతితో నా చదువు ఆగిపోయింది. బెజవాడలో రెండంతస్తుల యింట్లో పై వాటాలో వుంటూ, ఎనిమిదేళ్ళుగా మేడ మీద కుండీల్లో కూరలు పండిస్తున్నాను, అంతే. పైగా ఈ కీరా విషయంలో నేను చేసిన పొరపాటు ఒకటి మా సందులో అందరికీ తెలుసు. ముందు అదే చెప్పేస్తాను. నా మనసుకీ కాస్త తేలికగా వుంటుంది, మీకూ పనికొస్తుంది.

కిందటేడు సంక్రాంతి వెళ్ళాక ఒక విత్తనాల దుకాణంలో హైబ్రిడ్ కీరా పొట్లం కొన్నాను. లోపల గింజలు ఇరవై కూడా లేవు. ఆ ధరకి మామూలు దోస గింజలు గుప్పెడు వస్తాయి. మావారు పొట్లం అటూ ఇటూ తిప్పి చూసి, “ఇవి గింజలా, ముత్యాలా?” అన్నారు. ఎనిమిది కుండీల్లో పెట్టాను. నలభై అయిదు రోజులయ్యేసరికి కాపు మొదలైంది చూడండీ, ఏం చెప్పమంటారు! జానెడు పొడుగు, ముదురాకుపచ్చ రంగు, కొరికితే కరకర. మార్చి నెలంతా రోజుకు అయిదారు కాయలకు తక్కువ లేదు. మా అత్తయ్యగారికి షుగరు. రాత్రి చపాతీతో పాటు కీరా ముక్కలుంటే ఆవిడకి ఇంకేమీ అక్కర్లేదు. ఇంట్లోకి పోగా కింద వాటా వాళ్ళకీ, ఎదురింటి పిన్నిగారికీ, ఇస్త్రీ అబ్బాయికీ కూడా ఇచ్చాను.

అంత మంచి కాయ కాసింది కదా, గింజ కట్టుకుందామనిపించింది. మన అమ్మలు, అమ్మమ్మలు చేసిన పనే. అన్నిటికంటే బాగున్న తీగకి రెండు కాయలు వదిలేశాను. అవి పండి పసుప్పచ్చగా అయ్యాక కోసి, గింజలు తీసి, గుజ్జు పోయేలా కడిగి, బూడిదలో పొర్లించి నీడన ఆరబెట్టాను. శ్రావణమాసం వచ్చింది. వరలక్ష్మీ వ్రతం రోజున పేరంటానికి వచ్చిన పదకొండు మందికీ తాంబూలంతో పాటు కాగితం పొట్లంలో తలా ఇన్ని గింజలు పెట్టాను. స్టీలు గిన్నెలూ ప్లాస్టిక్ డబ్బాలూ ఇచ్చేకంటే ఇది మేలు కాదూ అని అందరూ మెచ్చుకున్నారు. నేను పొంగిపోయాను.

ఆ పదకొండు మందిలో మా సందు మొదట్లో కర్రీ పాయింటు నడిపే ఆవిడ ఒకరు. ఆవిడని అందరం అక్క అంటాం. భోజనం పార్సిల్‌లో నాలుగు కీరా చక్రాలు పెట్టడం ఆవిడ అలవాటు. అందుకోసం రోజూ రైతుబజారు నుంచి కాయలు తెప్పించుకుంటుంది. నా దగ్గర కాపు చూసిన మనిషి కదా, “చెల్లీ, నాకు ఇంకాసిని గింజలివ్వు, మేడ మీద నేనూ వేస్తాను” అంది. సంతోషంగా ఇచ్చాను. వినాయక చవితి వెళ్ళాక ముప్ఫై గ్రో బ్యాగులు, మట్టి, కోకోపీట్, పశువుల ఎరువు, నైలాను వల, ఇలా అన్నీ కలిపి ఆరువేల దాకా పెట్టింది. అది చీటీ డబ్బు. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది.

దసరా వెళ్ళిన వారానికి ఒక పొద్దున్నే అక్క మా గుమ్మంలోకి వచ్చింది. చేతిలో సంచి. అందులోంచి కాయలు తీసి ఒక్కొక్కటే మెట్టు మీద పెట్టింది. ఒకటి పొట్టిగా బుడమకాయలా వుంది. ఒకటి కొడవలిలా వంగింది. ఒకటి లేత రంగులో ముళ్ళు ముళ్ళుగా వుంది. ఒకటి మాత్రం అచ్చం మా కాయే. “ఏడు సంచుల్లో ఒట్టి పూలేనమ్మా, పిందె లేదు. రెండు తీగల కాయలు విషంలా వున్నాయి. చూసుకోకుండా పార్సిళ్ళలో వేశాం. ఒకాయన తిరిగొచ్చి అందరి ముందూ అరిచి వెళ్ళాడు” అంది. నన్ను ఒక్క మాట అనలేదు. “ఇవి నువ్విచ్చిన గింజలే కదా చెల్లీ?” అని మాత్రం అడిగింది. లోపల్నించి అత్తయ్యగారు వింటూనే వున్నారు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

తప్పెక్కడ జరిగిందో తెలుసుకోవడానికి కుట్టు మిషను సొరుగులో దాచిన పాత పొట్లం తీసి చూశాను. పేరు కింద చిన్న అక్షరాలతో ‘ఎఫ్ 1’ అని వుంది. దాన్ని అదివరకూ చూశాను గానీ, అదేదో నంబరు అనుకున్నాను. ఉద్యాన శాఖలో పనిచేసే ఒక అమ్మాయికి ఫోన్ చేసి అడిగితే, “అయ్యో, హైబ్రిడ్ నుంచి గింజ కట్టారా అత్తా!” అని నవ్వి, విడమరిచి చెప్పింది.

సంగతేమిటంటే, హైబ్రిడ్ అంటే రెండు వేరు వేరు వంశాలకు పెళ్ళి చేసి పుట్టించిన మొదటి తరం బిడ్డ. తల్లి వైపు వంశాన్ని ఏళ్ళ తరబడి ఒకే గుణం నిలిచేలా పెంచుతారు. తండ్రి వైపూ అంతే. ఆ రెంటినీ కలిపితే పుట్టే గింజలన్నీ ఒకేలా మొలుస్తాయి, ఒకేలా కాస్తాయి, తల్లిదండ్రులిద్దరికన్నా జోరుగా పెరుగుతాయి. ఆ మొదటి తరాన్నే ఎఫ్ 1 అంటారు. ఆ తీగకి కాసిన కాయలోంచి మళ్ళీ గింజ తీసి నాటామనుకోండి, రెండో తరంలో తాతల గుణాలన్నీ విడివిడిగా బయటపడతాయి. ఒక మొక్క తాతయ్య పోలిక, ఒకటి అమ్మమ్మ పోలిక, ఇంకొకటి ఎవరి పోలికో తెలియదు. కుటుంబాల్లో పిల్లలు ఒక్కొక్కరు ఒక్కో తీరుగా వుంటే ముచ్చట పడతాం గానీ, ముప్ఫై సంచుల పంటలో అలా వుంటే కొంప మునుగుతుంది. దీనికి తోడు తేనెటీగ పక్క మేడ మీది నాటు కీరా పుప్పొడి తెచ్చి కలిపితే ఆ గింజ మరీ కలగాపులగం అవుతుంది. అంటే విత్తనం వాళ్ళు నన్ను మోసం చెయ్యలేదు. నేనే తెలియక పదకొండు ఇళ్ళకు పంచాను.

ఇక్కడ ఒక మాట. నాటు రకాల సంగతి వేరు. తరతరాలుగా ఒకే గుణంతో వస్తున్న రకమైతే, చుట్టుపక్కల వేరే కీరా లేకపోతే, మన అమ్మమ్మల పద్ధతి ఇప్పటికీ పనిచేస్తుంది. పూర్వపు పద్ధతి తప్పనడం లేదు. హైబ్రిడ్‌కి అది చెల్లదంటున్నాను. పొట్లం మీద ‘ఎఫ్ 1’ అనో ‘హైబ్రిడ్’ అనో వుందేమో చూసుకోండి. వుంటే ప్రతిసారీ కొత్త పొట్లం కొనాల్సిందే. ఖరీదు ఎక్కువ, నిజమే. ఎందుకు ఎక్కువంటే, ఆడ మొక్కల మీద ఆ తండ్రి వంశం పుప్పొడి మాత్రమే పడేలా కాపలా కాసి, ఏటేటా ఆ పెళ్ళి మళ్ళీ చెయ్యాలి కాబట్టి.

కీరా విషయంలో ఈ పని కాస్త సులువు కావడానికి ఒక కారణం వుంది. మామూలు కీరా తీగకి మగపూలూ ఆడపూలూ రెండూ పూస్తాయి, మగపూలే ఎక్కువ. కొరియా నుంచి వచ్చిన ఒక రకంలో దాదాపు అన్నీ ఆడపూలే పూసే గుణం కనిపించింది. అమెరికాలో మిచిగన్ స్టేట్ విశ్వవిద్యాలయానికి చెందిన పీటర్సన్ అనే శాస్త్రజ్ఞుడు 1960ల మొదట్లో దాన్ని తల్లిగా పెట్టి హైబ్రిడ్ తయారుచేశాడు. మన దేశంలో పూసా సంయోగ్ అనే రకం వుంది. భారత వ్యవసాయ పరిశోధనా సంస్థ వాళ్ళు హిమాచల్‌లో కులూ లోయలోని కట్రాయిన్ కేంద్రంలో రూపొందించారు. జపాన్ నుంచి వచ్చిన ఆడపూల వంశాన్ని, గ్రీన్ లాంగ్ నేపుల్స్ అనే రకంతో కలిపారు. కాయ 28 నుంచి 30 సెంటీమీటర్ల పొడుగు వస్తుంది. కీరా పుట్టిల్లు మన హిమాలయాల పాదసీమే. అక్కడ ఇప్పటికీ అడవి కీరా తీగలున్నాయి, చేదు కాయలతో. ఇక్కడ పుట్టి, దేశాలు తిరిగి, మళ్ళీ మన మేడ మీదికి పొట్లంలో వచ్చిందన్నమాట!

సరే, అక్క సంగతికి వస్తాను. ఊరికే క్షమించమని అడిగి ఊరుకుంటే సరిపోదనిపించింది. మళ్ళీ సంక్రాంతి వెళ్ళగానే నా రేడియో ప్రసంగాల తాలూకు డబ్బుతో రెండు కొత్త పొట్లాలు కొని, “అక్కా, ఈసారి పని కూడా నాదే” అని వాళ్ళ మేడ ఎక్కాను. ఆవిడ పొట్లం చూసి, “ఇది దుకాణం గింజేనా?” అని రెండుసార్లు అడిగింది. అడగాల్సిందే మరి.

పాత సంచుల్లో మట్టి ముందు టార్పాలిను మీద పరిచి వారం రోజులు ఎండబెట్టాం. రోగం వచ్చిన తీగల వేళ్ళు ఏరి పారేశాం. తర్వాత సగం మట్టి, మిగతా సగంలో చివికిన పశువుల ఎరువు ఒక పాలు, కోకోపీట్ ఒక పాలు, సంచికి గుప్పెడు వేపపిండి కలిపి మళ్ళీ నింపాం. కుండీ అయినా సంచి అయినా పదిహేను అంగుళాల వెడల్పు, అంతే లోతు వుండాలి. చిన్న కుండీలో తీగ బతుకుతుంది గానీ మధ్యాహ్నానికల్లా వాడిపోతుంది, కాయ చేదెక్కుతుంది. అయితే తడిసిన సంచి ఒక్కొక్కటీ ఇద్దరు మోస్తే గానీ కదలదు. మేడ నడిమధ్య గుంపుగా పెట్టకండి. గోడలూ దూలాలూ వున్న చోట, అంచుల వెంబడి పెట్టండి. ఇటుకల మీద పెడితే కింద నీళ్ళు నిలవవు. అద్దె యింట్లో వున్నవాళ్ళు ముందు యింటి యజమానిని అడగడం మంచిదని వేరే చెప్పక్కర్లేదు.

హైబ్రిడ్ గింజలకి గులాబీ రంగో, ఆకుపచ్చ రంగో పూసి వుంటుంది. అది అందం కోసం కాదు, శిలీంద్రాల మందు. పిల్లలకు అందనివ్వకండి, నానబెట్టకండి, నాటాక చేతులు సబ్బుతో కడుక్కోండి. సంచికి రెండు గింజలు అరంగుళం లోతున పెట్టి, మొలిచాక బలమైనది ఒకటి వుంచి రెండోది కత్తెరతో కత్తిరించేశాం. పీకితే పక్కదాని వేళ్ళు కదులుతాయి. కీరాకి వేళ్ళు కదిపితే కోపం. నారు పోసి మార్చాలనుకుంటే కాగితం కప్పుల్లోనో కొబ్బరి పీచు కప్పుల్లోనో మొలిపించి, కప్పుతో సహా నాటండి. అయిదారు రోజుల్లో మొలక వచ్చేస్తుంది. మన కోస్తా ఊళ్ళలో నాటడానికి జూన్, జూలై ఒక అదను. జనవరి, ఫిబ్రవరి మరొక అదను. ఏప్రిల్, మే ఎండల్లో నాటితే మగపూలే విరగబూస్తాయి. మరీ ఎక్కువ వేడికి తీగ ఆడపూలు తగ్గించేస్తుంది, ఎంత మంచి విత్తనమైనా సరే.

తీగని నేల మీద పాకనివ్వకుండా తాడు కట్టి పైకి ఎక్కిస్తే గాలి ఆడుతుంది, కాయ వంకర పోదు. కట్టడానికి పాత నూలు చీర అంచులు చించి వాడండి. ప్లాస్టిక్ పురికొస కాండాన్ని కోస్తుంది. కింది అయిదు ఆకుల దాకా వచ్చే పక్క కొమ్మల్ని చిన్నప్పుడే గిల్లేశాం. కీరా ఆకుల నూగు చేతులకి తగిలితే దురద. నేను మావారి పాత ఫుల్ చేతుల చొక్కా తొడుక్కునే మేడ ఎక్కుతాను. సందులో పిల్లలు నవ్వుకుంటే నవ్వుకోనివ్వండి.

నీళ్ళు పొద్దున్నే, వేరు దగ్గరే పొయ్యాలి. సాయంత్రం ఆకులు తడిపితే బూజు తెగులు పిలిచి కూర్చోబెట్టినట్టే. కీరా కాయలో నూటికి తొంభై అయిదు పాళ్ళు నీరే కదా, కాపు మీద ఒక్క పూట తప్పినా తెలిసిపోతుంది. మట్టి పైన ఎండుగడ్డో రాలిన ఆకులో పరిస్తే తడి నిలుస్తుంది. పదిహేను రోజులకోసారి సంచికి గుప్పెడు వర్మి కంపోస్టు వేశాం. అంతకన్నా పెద్ద వైద్యమేమీ చెయ్యలేదు.

ఇక పూల దగ్గర అసలు కథ. ఫిబ్రవరి నెలాఖరుకి తీగలు పందిరి అందుకున్నాయి. ప్రతి కణుపుకీ ఆడపువ్వే. పువ్వు వెనక చిన్న పిందె కనిపిస్తే అది ఆడది. సన్నని కాడ తప్ప ఏమీ లేకపోతే మగది. అక్క ముఖం వెలిగింది. కానీ వారం తిరిగేసరికి పిందెలు పసుప్పచ్చగా మారి, ముడుచుకుని రాలడం మొదలుపెట్టాయి. రోజుకు పది, పన్నెండు. “మళ్ళీనా చెల్లీ?” అంది అక్క. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడు తెల్లవారి ఆరింటికి వెళ్ళి మేడ మీద కూర్చున్నాను. ఏడయింది, ఎనిమిదయింది. ఒక్క తేనెటీగ రాలేదు. అది మూడో అంతస్తు. చుట్టూ సిమెంటు, పక్కన సెల్‌ఫోను దుకాణం బోర్డు. పూలమొక్క అన్నది లేదు. పైగా దోమలకని కుర్రాడు ఒకడు రోజూ పొద్దున్నే ఏదో పొగ మందు కొడుతున్నాడట. ఆడపువ్వు ఆయుష్షు ఒక్క పూట. పొద్దున విచ్చుకుంటుంది, మర్నాటికి వాడిపోతుంది. ఆ లోపల తేనెటీగ పుప్పొడి తేవాలి, అదీ ఒక్కసారి వాలితే చాలదు. సరిపడా పుప్పొడి అందకపోతే పిందె రాలుతుంది, లేదా ఒకవైపు లావు, ఒకవైపు సన్నం అవుతుంది. కొడవలి కాయలు చాలావరకూ అలా పుట్టినవే. అన్నీ ఆడపూలే వుండే హైబ్రిడ్‌కి ఇంకో చిక్కు. మగపూలు బహు తక్కువ. పక్కన ఒకటో రెండో మామూలు కీరా తీగలు పెట్టాలి. మన పొట్లం వెనక ఆ మాట రాసే వుంది. ఈసారి కూడా చదవనిది నేనే.

అదృష్టవశాత్తూ ఎదురింటి పిన్నిగారి పెరట్లో నాటు కీరా తీగ వుంది. పొద్దున్నే వెళ్ళి అప్పుడే విచ్చుకున్న మగపూలు గిన్నెలో కోసుకొచ్చేదాన్ని. రేకులు తీసేసి, లోపలి పసుపు పొడి మెల్లగా ఆడపువ్వు నడుమ అద్దేదాన్ని. ఒక మగపువ్వుతో రెండు మూడు ఆడపూలకి అద్దవచ్చు. ఆరు నుంచి తొమ్మిది లోపల అయిపోవాలి, ఎండ ముదిరితే లాభం లేదు. మూడో రోజుకి పిందె తల కిందికి వంచి బొద్దుగా అవుతుంటే నిలిచిందన్నమాట. మొదటి రోజు పదకొండు పూలకి చేశాను, తొమ్మిది నిలిచాయి. ఆ తొమ్మిదింటినీ అక్క రోజూ వేలితో తాకి చూసేది. పిందెను అలా తాకకూడదంటే వినేది కాదు. తర్వాత పొద్దుతిరుగుడు, తులసి, బంతి కుండీలు నాలుగు తెచ్చి పెట్టాం, పొగ మందు మాన్పించాం. మార్చి రెండో వారానికి తేనెటీగలు దారి కనుక్కున్నాయి. మా పని తగ్గింది.

ఈ తంటా అక్కర్లేని కీరాలు కూడా ఇప్పుడున్నాయి. పుప్పొడి పడకుండానే కాయ నిలిచే రకాలు. ఢిల్లీ పూసా సంస్థ వాళ్ళు విడుదల చేసిన పూసా సీడ్‌లెస్ కుకుంబర్ 6 అటువంటిదే. గింజ ఖరీదు ఇంకా ఎక్కువ. వాటిని వల పందిళ్ళలో, తేనెటీగ రాకుండా పెంచుతారు. ఆరుబయట వేసి పక్కన నాటు కీరా పెడితే, పుప్పొడి పడి గింజ కట్టి, కాయ ఆకారం చెడుతుంది. అంటే ఒక రకానికి తేనెటీగ ప్రాణం, ఒక రకానికి గొడవ. ఏది కొంటున్నారో దుకాణంలోనే అడగండి. వాళ్ళు విసుక్కున్నా సరే.

పురుగుల సంగతి క్లుప్తంగా చెప్తాను. మొలక రెండాకుల మీద వున్నప్పుడు ఎర్ర పెంకు పురుగు వచ్చి ఆకుల్ని జల్లెడ చేస్తుంది. పొద్దున్నే మంచు తడి మీద పిడకల బూడిద చల్లితే తగ్గుతుంది. చేత్తో ఏరి సబ్బు నీళ్ళలో వెయ్యవచ్చు. పచ్చపురుగుకీ తెల్లదోమకీ లీటరు నీళ్ళలో అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బు కలిపి సాయంత్రం పూట కొట్టండి. పొద్దున కొడితే తేనెటీగలు మళ్ళీ రావు. పండు ఈగ పొడిచిన కాయ మీద చిన్న చుక్క, దాని చుట్టూ జిగురు కనిపిస్తుంది. అటువంటిది కోసి చెత్తబుట్టలో వేస్తే చాలదు. పాలిథీన్ సంచిలో మూటకట్టి ఎండలో పడెయ్యాలి, లేకపోతే లోపలి పురుగు మట్టిలో దిగి మళ్ళీ ఈగై వస్తుంది. ఆకుల మీద బూడిద తెగులు చూసి, ద్రాక్షకి కొడతారు కదా అని గంధకం కొట్టకండి. గంధకానికి కీరా, కాకర, బీర లాంటి తీగల ఆకులు మాడిపోతాయి. ఆకులు ముడుచుకుని పసుపు మచ్చలతో మొజాయిక్ వస్తే ఆ తీగ మీద ఆశ వదులుకుని పీకెయ్యడమే. ముప్ఫైలో రెండు అలా పోయాయి.

కోత ఆలస్యం చెయ్యకండి. పువ్వు విచ్చుకున్న పది పన్నెండు రోజులకి కాయ తయారవుతుంది. ఇంకొంచెం లావవుతుందని వదిలామా, గింజ ముదురుతుంది. అంతే కాదు, ఒక్క కాయ ముదిరినా తీగ తన పని అయిపోయిందనుకుని కొత్త పిందెలు మానేస్తుంది. రోజు విడిచి రోజు కత్తెరతో తొడిమ వుంచి కోయండి. లాగితే తీగ చిరుగుతుంది.

చేదు గురించి ఎక్కువమంది అడుగుతారు. పక్కన కాకర తీగ వుంటే కీరా చేదెక్కుతుందని ఒకమ్మ, పసుపు దోస పక్కన పెట్టావు కనక అని ఇంకొకమ్మ. రెండూ నిజం కాదు. కాకర పుప్పొడి కీరాకి అంటుకట్టదు. మనం పప్పులో వేసే పసుపు దోస పేరుకి దోసే గానీ, శాస్త్రజ్ఞులు దాన్ని ఖర్బూజా వంశంలో చేరుస్తారు. కీరాతో దానికి కలవదు. ఒకవేళ వేరే కీరా పుప్పొడి పడినా మారేది లోపలి గింజే, ఈ యేటి కాయ రుచి కాదు. చేదుకి కారణం కుకుర్బిటసిన్ అనే పదార్థం. అది ఎంత పుడుతుందనేది వంశగుణాన్ని బట్టి వుంటుంది. దానికి తోడు ఎండదెబ్బా, నీటి ఎద్దడీ. తొడిమ వైపూ, తొక్క కిందా ఎక్కువ చేరుతుంది. కొస కోసి రుద్దితే నురగ వస్తుంది, చేదు పోతుందంటాం కదా, నిజానికి పోయేది ఆ కోసి పారేసిన ముక్కతోనే. దోసకాయ తరిగేటప్పుడు ముక్క నోట్లో వేసుకుని చూడమని మన అమ్మలు నేర్పారు. కీరాకీ అదే పాఠం. కొద్ది చేదైతే కొస తీసెయ్యండి. గొంతు పట్టేంత చేదైతే ఉప్పు వేసో, నిమ్మకాయ పిండో మింగకండి, పారెయ్యండి. చేదు సొరకాయ రసం తాగి మనుషులు ఆస్పత్రి పాలైనందువల్ల, భారత వైద్య పరిశోధనా మండలి నిపుణుల సంఘం 2012లో చేదు రసం తాగవద్దని హెచ్చరించింది. ఆ చేదూ ఈ చేదూ ఒక కోవకి చెందినవే. కర్రీ పాయింటులో అరిచి వెళ్ళిన ఆయన మీద నాకు ఇప్పుడు కోపం లేదు.

ఎక్కువ కాయలు వచ్చిన రోజున పెరుగు పచ్చడి చేసుకోండి. తొక్క లేతగా వుంటే తియ్యక్కర్లేదు. తురిమి, ఉప్పు వేసి పది నిమిషాలుంచి నీరు పిండి, ఆ నీరు మజ్జిగలో పోసుకోండి. తురుము గడ్డ పెరుగులో కలిపి, ఆవాలు, ఇంగువ, పచ్చిమిర్చి పోపు పెట్టండి. తినే ముందే కలపాలి, లేకపోతే నీరు కారిపోతుంది.

అక్క మేడ మీద ఇరవై ఎనిమిది తీగలు నిలిచాయి. మార్చి మూడో వారం నుంచి ఏప్రిల్ నెలాఖరు దాకా రైతుబజారులో కీరా కొనలేదు. పెట్టిన ఆరువేలూ వచ్చాయా అని అడిగితే, “లెక్క రాయలేదు చెల్లీ, కొన్నది మాత్రం లేదు” అంది. మే ఎండలకి తీగలు ఎండిపోయాయి. మొన్న మృగశిర నాడు మళ్ళీ కొత్త పొట్లం విప్పాం. ఈసారి నాటు కీరా గింజలు కూడా రెండు సంచుల్లో విడిగా పెట్టాం, మగపూల కోసం. శ్రావణమాసం దగ్గర పడుతోంది కదా, పేరంటానికి ఏమిస్తున్నావని అత్తయ్యగారు అడిగారు. పక్కనే వున్న అక్క, “ఏమైనా ఇవ్వండి పిన్నిగారూ, పొట్లం మీద పేరు రాసి ఇవ్వమనండి” అంది.